బావ నిలబడి విసిరిన రోజులు

కళ్లు మూసుకోమని చెప్పి, క్లినిక్‌లో మలాయ్ నర్సు నా పాదాల కింద సన్నని నైలాన్ దారంతో అక్కడక్కడా తాకింది. తగిలినప్పుడల్లా చెప్పాలి. నాకూ చక్కెర జబ్బు ఉందని తెలిసిన మొదటి వారం అది. మా ఇంట్లో అది రానివాళ్లే తక్కువ కాబట్టి నేను పెద్దగా బెంబేలు పడలేదు. ఎడమపాదం మీద అన్నిచోట్లా చెప్పాను. కుడిపాదంలో బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే చోట దారం తగిలినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. నర్సు మళ్లీ తాకింది. "ఇక్కడ తెలియడం లేదా అక్కా?" అని మలాయ్‌లో అడిగింది. తెలుస్తోంది అన్నాను. కళ్లు తెరిచేసరికి ఆ అమ్మాయి నా ముఖంలోకి చూస్తోంది. ఏమనుకుందో, ఒక కాగితం రుమాలు తీసి చేతిలో పెట్టింది. సరిగ్గా అదే చోట, మా బావ కుడిపాదం కింద, ఇరవై సెన్ల నాణెమంత పుండును నేను పదకొండు రోజులు చూశాను. చూసి ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మ ఈ మలాయ్ దేశంలో బటాంగ్ బెర్జుంటై అనే ఊరి దగ్గర రబ్బరు తోటలో పాలు గీసి మమ్మల్ని పెంచింది. తరవాత ఆ రబ్బరు పోయి పామాయిల్ చెట్లు వచ్చాయి. అమ్మ పోయాక నాకు అక్కడ ఎవరూ మిగల్లేదు. మా అక్క నరసమ్మ ఇపోలో ఉండేది. అక్కను మేం 'అప్ప' అంటాం. నాకంటే పదకొండేళ్లు పెద్దది. అప్పటికి నాకు ఇరవై మూడు. అప్ప వచ్చి నా బట్టలు రెండు సంచుల్లో కుక్కి, నన్ను బస్సెక్కించి తన ఫ్లాట్‌కు తీసుకుపోయింది. టౌన్లో ఒక ఫోటో స్టూడియోలో పని కూడా తనే చూసింది. పాస్‌పోర్టు ఫోటోలు తీయడం, అంచులు కత్తిరించడం, తల ఒక పక్కకు వాలితే సరిచేసి మళ్లీ తీయడం. చేసింది ఆ పనే కావడంతో మనిషి నిలబడిన తీరులో వెంట్రుకవాసి వంకర ఉన్నా నా కంటికి ఆనేది. ఆ కన్ను మంచిదే అనుకునేదాన్ని.

అప్ప ఇల్లు పొద్దున్నే మెంతుల వాసనతో లేచేది. ముందురోజు నానబెట్టిన మెంతినీళ్లు ఒక గాజు గ్లాసులో బావ కోసం బల్ల మీద ఉండేవి. బియ్యం పాల డబ్బాతో కొలిచేది, డబ్బా నిండాక పైన అరచేత్తో తుడిచి చదును చేసేది. వారంలో నాలుగు రోజులు కాకరకాయ. నెత్తళ్లు వేయించిన రోజు పక్కింటి వాళ్లకు కూడా మా కూర ఏమిటో తెలిసిపోయేది. చుట్టాలు తెచ్చిన మిఠాయి డబ్బాలు గుమ్మం దాటి లోపలికి వచ్చేవి కావు; వాళ్లు మెట్లు దిగేలోపే అవి కింది ఇంటి పిల్లల పాలయ్యేవి. చీనా కొట్టువాడిచ్చిన గోడ కేలండరు మీద బావ సూది మందు వేసుకున్న ప్రతి పూటకీ ఒక గీత పెట్టేది. అప్ప చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పనిచేసేది. గాలి నింపి, చిల్లులున్నవి ఏరి పడేయడం తన పని. ఎంత కడుక్కున్నా ఆ తెల్లపొడి వాసన, కాలిన రబ్బరు వాసన తన చేతుల్లోంచి పోయేది కాదు. ఆ చేతులతోనే అన్నం వడ్డించేది, ఆ చేతులతోనే రోజూ పొద్దుగూకే వేళ బావను కుర్చీలో కూర్చోబెట్టి, టార్చి వేసి, ఆయన పాదాలు రెండూ తిప్పి తిప్పి చూసేది. చిల్లులు వెతికే మనిషి కదా, ఏదీ తప్పిపోయేది కాదు.

బావ పేరు అప్పలసామి. స్నేహితులకు సామి. నేను వచ్చేనాటికే ఆయన ఎడమకాలికి రెండు వేళ్లు లేవు. అంతకుముందు టైల్స్ లారీ నడిపేవాడు, ఇపో నుంచి జొహోర్ దాకా. ఒక మధ్యాహ్నం దారిపక్కన లారీ ఆపి, చెప్పులు విడిచి, ఇంజన్ మూత మీద కాళ్లు చాపుకొని కునుకు తీశాడట. చక్కెర జబ్బుకు పాదాలు మొద్దుబారాయి కాబట్టి మూత వేడికి వేళ్లు కాలిపోతున్నా తెలియలేదు. లేచి చూసుకుంటే బొబ్బలు. వేళ్లు తీసేశాక కంపెనీ ఆయన్ని లారీ దింపేసి గోదాములో కూర్చోబెట్టింది. పెట్టెలు వస్తే లెక్క రాసుకోవడం, పోతే కొట్టేయడం. మునుపు ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవాడని అప్ప చెప్పేది. నేను చూసిన మొదటి నెలల్లో ఆయన ఈల వేయగా వినలేదు. పని నుంచి వచ్చి, టీవీ ముందు కూర్చుని, టీవీ వైపు కాకుండా కిటికీ వైపు చూసేవాడు.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా ప్లాస్టిక్ డిస్కులు. అప్ప వాటిని 'ప్లాస్టిక్ పళ్లేలు' అనేది. మా ఫ్లాట్లకు కొంచెం దూరంలో పాత తగరపు గని ఒకటి నీళ్లు నిండి చెరువైపోయింది. దాని చుట్టూ పార్కు. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఓంగ్ సార్ అక్కడ ఇనప స్తంభాలకు గొలుసులు వేలాడదీసి, కింద బుట్టలు కట్టించాడు. దూరం నుంచి డిస్కు విసిరి, అది పడ్డచోటి నుంచి మళ్లీ విసిరి, ఎంత తక్కువ విసుర్లలో గొలుసుల్లో పడితే అంత గొప్ప. బంతి లేదు, కర్ర లేదు గాని దాన్ని గోల్ఫ్ అనే అనేవారు. ఆదివారాల్లో పదిమంది దాకా చేరేవారు. వేళ్లు పోకముందు బావ మూడడుగులు వేగంగా వేసి, ఒంటిని తిప్పి విసిరితే డిస్కు చెట్ల మీదుగా పోయేదని వాళ్లు నాకు చెప్పారు. ఆరో బుట్ట చెరువు అవతల ఉండేది. ఒకే విసురులో నీళ్లు దాటించాలి. ఇపోలో అది చేయగలిగిన ముగ్గురిలో బావ ఒకడు.

డాక్టరు పరుగు వద్దన్నాడు. ఓంగ్ సార్ ఒక సాయంత్రం ఇంటికొచ్చి, పంచదార లేని టీ తాగి, "నిలబడి విసురు" అన్నాడు. పరుగెత్తి విసిరేటప్పుడు కనబడని తప్పులన్నీ నిలబడితే బయటపడతాయనీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకు తను మొదట నేర్పేది అదేననీ చెప్పాడు. బావ తల అడ్డంగా ఊపాడు. ముసలాళ్ల ఆట అది అన్నాడు. ఓంగ్ సార్ వెళ్లాక చాలాసేపటికి నా వైపు తిరిగి, "సావిత్రీ, నీ ఫోనులో నెమ్మదిగా తిరిగే వీడియో వస్తాదా?" అని అడిగాడు.

అలా మొదలైంది. నేను స్టూడియో నుంచి వచ్చేసరికి ఆయన ఫ్లాట్ల వెనక, మోటారు సైకిళ్లు నిలబెట్టే షెడ్డు పక్కన ఉండేవాడు. కంచెకు పాత బాడ్మింటన్ నెట్టు కట్టి, దాని వెనక దుప్పటి వేలాడదీశాం. పది అడుగుల దూరం నుంచి అందులోకి విసరడం, నేను పక్కనుంచి వీడియో తీయడం, ఇద్దరం తలలు ఆనించి చూడడం. తప్పులు నిజంగానే బయటపడ్డాయి. ఆయనది లారీ స్టీరింగు తిప్పిన చెయ్యి. బలమంతా భుజంలోనే ఉందనుకునేవాడు. డిస్కు వెనక్కి తీసుకుపోయేటప్పుడు చెయ్యి ఒక్కటే పోయేది, ఒళ్లు కదిలేది కాదు. చూపు లక్ష్యం మీదే పెట్టుకునేవాడు. డిస్కు ముందు అంచు పైకి లేచి, ఎత్తుకు పోయి, అక్కడే ఆగి, ఎడమపక్కకు వాలి పడేది. ఓంగ్ సార్ వారానికోసారి వచ్చి చూసి, "పెలాన్, పెలాన్ సామి" అనేవాడు. మెల్లగా, మెల్లగా అని. అరబలంతో విసరమనేవాడు. బావకు అరబలంతో ఏ పనీ చేయడం రాదు.

నెల తిరిగేసరికి మెల్లగా ఒక్కొక్కటీ కుదిరింది. కాళ్లు భుజాలకంటే ఒక జానెడు ఎడంగా. బరువు మొదట వెనక ఉన్న ఎడమకాలి మీద. వీపు పూర్తిగా లక్ష్యం వైపు తిరిగేదాకా భుజాలు తిప్పడం, అంటే బుట్టను చూడకుండా ఉండడం. అది ఆయనకు అన్నిటికంటే కష్టమైంది. "సూడకుండా ఎలాగే ఇసరడం?" అని విసుక్కునేవాడు. ఆ తరవాత బరువు కుడికాలి మీదికి రావాలి, నడుము తిరగాలి, మోచెయ్యి ముందు రావాలి, డిస్కు రొమ్ముకు దగ్గరగా జారుతూ వచ్చి చిట్టచివర వేళ్లలోంచి పోవాలి. చెయ్యి అన్నిటికంటే ఆఖర్న. ఒక సాయంత్రం అవన్నీ ఒక్కసారిగా కలిశాయి. దుప్పటికి తగిలిన చప్పుడే వేరుగా వచ్చింది. బావ నా వైపు చూశాడు. "ఇన్నావా?" అన్నాడు. విన్నానన్నాను. ఆ రోజు మెట్లెక్కుతూ ఈల వేశాడు. వంటింట్లోంచి అప్ప గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసింది. తరవాత నాతో, "నువ్వొచ్చినాక మీ బావ మళ్లీ మనిషైనాడే" అంది. నాకు అంతకుముందు ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు. దాని కోసం ఏమైనా చేసేదాన్ని.

మిగిలిన తప్పు ఒక్కటే, కుడికాలు. డిస్కు చేతిలోంచి పోయాక ముందుండే ఆ కాలి పాదం కూడా ఒంటితోపాటు తిరగాలి. ఆయనది సిమెంటు మీద అతుక్కున్నట్టు ఉండిపోయేది. ఒళ్లు తిరిగి, పాదం తిరగక, మోకాలు మెలిపడేది. డిస్కు దారి తప్పేది. నేను వీడియో ఆపి ఆపి చూపించాను. "బావా, కాలు తిరగట్లేదు. అదొక్కటే." ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన జోళ్లు లావుగా, మెత్తటి అట్టలతో ఉండేవి. ఆ అట్ట నేలను పట్టేసేది. అవి ఉన్నంతకాలం కాలు తిరగదని నేనే అన్నాను. ఆ శనివారం ఇద్దరం కలిసి మార్కెట్ దగ్గర కొట్టుకు వెళ్లి, బడిపిల్లలు వేసుకునే తెల్ల కేన్వాసు జోళ్లు కొన్నాం. పల్చటి అడుగు. వదులుగా ఉంటే లోపల కాలు జారుతుందని ఒక సైజు తక్కువవి ఏరింది నేనే. ఇంటికొచ్చి నెట్టు దగ్గర మొదటిసారి విసిరినప్పుడే పాదం గుండ్రంగా, సాఫీగా తిరిగింది. రోజుకు వంద విసుర్లు. వందసార్లు బొటనవేలి కింది ఆ ఉబ్బెత్తు సిమెంటు మీద ఒత్తుకుని తిరిగేది. ఆ పాదానికి నొప్పి తెలియదన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. తెలిసే మరిచిపోయాం.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీలో అప్పకు మధ్యాహ్నం షిఫ్టు పడింది. ఆదివారాలతో సహా పొద్దుగూకే వేళ ఇంట్లో ఉండేది కాదు. వెళ్లేముందు టార్చి తెచ్చి నా చేతికిచ్చింది. "వేళ్ల సందులు సూడు, మడమ సూడు, అరికాలు సూడు. ఎర్రగా ఉన్నా సరే నాకు సెప్పు. ఆయన మాట ఇనకు" అంది. సరేనన్నాను. మొదటి మూడు రోజులు ఏమీ లేదు. నాలుగోరోజు కుడి మేజోడు తీస్తుంటే అరికాలికి అతుక్కుంది. లోపల గోధుమరంగు మరక. టార్చి వేసి చూశాను. బొటనవేలి కింద తోలు గుండ్రంగా లేచిపోయి, లోపల తడిగా, ఎర్రగా ఉంది.

"ఏటుంది?" అన్నాడు బావ, టీవీ చూస్తూనే.

"పుండు పడింది బావా."

ఆయన వంగి, కాలు మోకాలి మీద పెట్టుకుని, చూశాడు. వేలితో నొక్కాడు. "నొప్పి నేదు" అన్నాడు.

"నొప్పి ఎలాగా ఉండదు కదా. అప్పకి ఫోన్ సేస్తాను."

"సావిత్రీ." ఆయన టీవీ ఆపేశాడు. "వచ్చే ఆదివారం కాదు, పై ఆదివారం కౌలాలంపూర్ వోళ్లు ఆడ్డానికొస్తన్నారు. ఆరో బుట్ట దాటించాలనుంది నాకు, నిలబడి. ఒక్కసారి. ఇప్పుడు మీ అప్పకి సెప్తే మంచమెక్కించీస్తాది. సోమవారం పొద్దున్న నేనే పోతాను క్లినిక్‌కి. నీతోనే వస్తాను."

"మరి పాకిపోతే?"

"పదకొండు రోజుల్లో ఏటి పాకుతాది? మందు రాయి. కట్టు కట్టు. లారీ పోయింది, వేళ్లు పోయినాయి. ఇదొక్కటీ ఉండనీ."

నేను పసుపురంగు పుండు మందు తెచ్చి రాశాను. దూది పెట్టి కట్టాను. అప్పట్నుంచి రోజుకు ముప్పై విసుర్లకు తగ్గించాం, అదే పెద్ద జాగ్రత్త అనుకున్నాను. జోడులో మెత్తటి బట్ట గుండ్రంగా కత్తిరించి, మధ్యలో రంధ్రం చేసి పెట్టాను, పుండు మీద ఒత్తిడి పడకుండా. పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించే కత్తెరతోనే. ఎంత నీటుగా వచ్చిందో అని బావ మెచ్చుకున్నాడు. మరకలైన మేజోళ్లు అప్ప కంటబడకుండా నా బట్టల్లో కలిపి ఉతికేదాన్ని. రోజూ మధ్యాహ్నం అప్ప ఫ్యాక్టరీకి వెళుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడిగేది, "నిన్న సూసినావా?" అని. "సూసినాను. బాగున్నాయి" అనేదాన్ని. మొదటిరోజు ఆ మాట తన ముఖం చూడకుండా అన్నాను. అయిదోరోజుకు అలవాటైపోయింది. తొమ్మిదోరోజు కట్టు విప్పితే వాసన వచ్చింది. రబ్బరు తోటలో, కొట్టు వెనక, పాతబడిన రబ్బరు తుక్కు కుప్పలోంచి వచ్చే వాసన లాంటిది. కిటికీ తెరిచి, ఘాటైన మందునూనె తెచ్చి గది మూలల్లో చల్లాను. బావ కూడా ఆ వాసన పీల్చాడు. ఆ క్షణం ఫోను నా చేతిలోనే ఉంది. అప్ప నంబరు నొక్కడానికి ఎంతసేపు పడుతుందని ఇప్పటికీ లెక్క వేసుకుంటూ ఉంటాను.

ఆదివారం పొద్దున్న సున్నపురాయి కొండల మీద మంచు దిగి ఉంది. రాత్రి వాన పడి గడ్డి తడిగా ఉంది. కౌలాలంపూర్ నుంచి ఎనిమిది మంది వచ్చారు, అందరూ చొక్కాలు ఒకే రంగువి వేసుకుని. బావ గడ్డం గీసుకుని, తెల్ల జోళ్లు తుడుచుకుని వచ్చాడు. అయిదో బుట్ట దాకా మామూలుగానే ఆడాడు. ఆరోదాని దగ్గర ఆయన వంతు వచ్చి సిమెంటు అరుగు ఎక్కేసరికి ఎవరో కుర్రవాళ్లు, "అంకుల్, పక్కనుంచి వేయొచ్చు, నీళ్ల మీదుగా అక్కర్లేదు" అన్నారు మర్యాదగానే. "బోలే లా" అన్నాడు బావ, అవుతుందిలే అన్నట్టు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. వీపు చెరువు వైపు తిప్పాడు. ఒక క్షణం అలాగే, నీళ్లను చూడకుండా, నన్ను చూస్తూ ఆగాడు. నడుము తిరిగింది. ఆ తరవాతే చెయ్యి వచ్చింది. డిస్కు నీటికి మనిషెత్తున, చదునుగా, ఎక్కడా తలెత్తకుండా పోయింది. చివర్లో మెల్లగా ఎడమకు వాలి, అవతలి గట్టు మీద, బుట్టకు నాలుగడుగుల దూరంలో పడింది. ఓంగ్ సార్ టోపీ తీశాడు. కౌలాలంపూర్ వాళ్లు చప్పట్లు కొట్టారు. బావ అరుగు మీదే కూర్చుండిపోయి, కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆయన జోడు వైపు చూశాను. తెల్ల గుడ్డ మీద పక్కనుంచి తడి మరక పైకి పాకుతోంది. గడ్డిలో తడి అనుకునేలాగే ఉంది.

సోమవారం ఆయన క్లినిక్‌కు రాలేదు. జ్వరంతో లేవలేకపోయాడు. ఫ్లూ అని అప్పతో చెప్పాడు. మంగళవారం పొద్దున్న అప్ప దుప్పటి మారుస్తూ కాలు చూసింది. మోకాలి కింద దాకా ఎర్రగా వాచి, పాదం ఒక పక్క నల్లబడి ఉంది. అప్ప కేక పెట్టలేదు. అంబులెన్సుకు ఫోన్ చేసి, తన ఫ్యాక్టరీ చొక్కా విప్పి వేరేది వేసుకుంది.

ఆస్పత్రి వరండాలో నీలం కుర్చీలు ఉండేవి. అక్కడ కూర్చుని అప్ప నన్ను అడిగింది.

"నువ్వు రోజూ సూస్తన్నావు కదా?"

"సూస్తన్నాను అప్పా."

"శనివారం కూడా?"

"సూసినాను. ఏటీ నేదు."

అప్ప నా ముఖం వైపు చూడలేదు. తన అరచేతులు చూసుకుంటూ, "అయితే నాకే తెల్డం నేదు, ఒకటి రెండు రోజుల్లో ఇలాగెలాగ వస్తాది" అంది. లోపల మంచం మీద బావ కూడా డాక్టరుతో రెండు రోజుల కిందట మొదలైందనే చెప్పాడు. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏదో రాసుకున్నాడు. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. మర్నాడు కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆ తరవాత నాలుగేళ్లు బతికాడు బావ. వీల్ చెయిరులో వరండా చివరికి వెళ్లి, కింద మోటారు సైకిళ్ల షెడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. డిస్కులన్నీ ఓంగ్ సార్‌కు ఇచ్చేశాడు. నన్ను ఒక్కమాట అనలేదు, నేనూ ఆయన్ని ఏమీ అనలేదు. ఇద్దరమే ఇంట్లో ఉన్న సాయంత్రాలు ఏదో ఒక పని కల్పించుకుని నేను బయటికి పోయేదాన్ని. ఒకసారి మాత్రం, నేను ఆయనకు సూది మందు సిద్ధం చేస్తుంటే, "ఆ రోజు నువ్వు వీడియో తీసినావా?" అని అడిగాడు. తియ్యలేదు. ఆ రోజు ఫోను సంచిలోనే ఉంచేశాను. లేదు బావా అన్నాను. "పోనీలే" అన్నాడు. చివరికి మూత్రపిండాలు పాడై చనిపోయాడు. తలకొరివి పెట్టడానికి కొడుకు లేడు, మా పెదనాన్న మనవడు వచ్చి పెట్టాడు. అప్ప కేలండరు మీద గీతలు పెట్టడం మానలేకపోయింది. ఆ నెల ఆఖరు దాకా ఖాళీ పూటలకు కూడా పెట్టింది. నేను వేరే ఇల్లు చూసుకుని వెళ్లిపోయాను. దగ్గర్లోనే. ఆదివారాలు భోజనానికి వచ్చేదాన్ని. అప్ప మళ్లీ ఎప్పుడూ అడగలేదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. ఏళ్లు గడిచే కొద్దీ చెప్పడం తేలికవుతుందనుకున్నాను. అది వయసుతోపాటు బరువెక్కింది.

కిందటి నెల క్లినిక్ నుంచి నేరుగా అప్ప ఇంటికి వెళ్లాను. ఫ్యాక్టరీ పని మానేసింది, జుట్టు చాలావరకు నెరిసింది. వంటింట్లో బియ్యం కడుగుతోంది. పాల డబ్బాలు ఇప్పుడు రావడం లేదు, ప్లాస్టిక్ గ్లాసుతో కొలుస్తోంది. నాకూ చక్కెర జబ్బు వచ్చిందని చెప్పాను. "వస్తాది" అంది. ఇంకా నిలబడే ఉన్నాను.

"అప్పా, బావ కాలి పుండు నాకు ముందే తెలుసు."

కుళాయి కట్టేసింది. "ఎన్నాళ్ల ముందు?"

"పదకొండు రోజులు."

బియ్యం గిన్నె పక్కన పెట్టి, తడి చేతులు చీరకు తుడుచుకుంది. "ఆయన సెప్పొద్దన్నాడా?"

"ఔను. ఆ ఆదివారం ఆట ఉందనీసి."

"ఆయన సెప్పొద్దంతాడు. ఎప్పుడూ అదే అంతాడు. అందుకే కదే టార్చి నీ సేతికిచ్చినాను." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు సెప్పుంటే ఆ రోజే లాక్కుపోయీదాన్ని. కాలుండీది. కాలుంటే మనిషుండీవోడో నేదో నాకు తెల్దు. కాలు మాత్రం ఉండీది."

"ఉండేది అప్పా."

"అన్నం తినీసి పో" అంది. తిన్నాను. కాకరకాయ వేపుడు. ఆ తరవాత రెండు వారాలు ఫోను ఎత్తలేదు. ఆదివారం వెళితే తలుపు తాళం వేసి ఉంది. మూడో వారం తనే ఫోన్ చేసింది. పలకరింపు లేదు. "ఆ సోటు సూపించు" అంది.

అప్ప ఆ పార్కుకు ఎప్పుడూ రాలేదు. బావ ఆడుతున్న ఏళ్లన్నీ ఆదివారాలు తను ఫ్యాక్టరీలోనో వంటింట్లోనో ఉంది. ఆయన విసరగా ఒక్కసారి కూడా చూడలేదు. అద్దె కారు దిగి, నెమ్మదిగా గడ్డి మీద నడిచాం. ఓంగ్ సార్ పోయి చాలా కాలమైంది. గొలుసుల బుట్టలు కొన్ని తుప్పుపట్టి వంగిపోయాయి, కొన్ని లేనే లేవు. ఆరోదాని అరుగు మిగిలి ఉంది, అంచుల్లో నాచు పట్టి. ఇక్కడే నిలబడ్డాడు అన్నాను. ఎలా అని అడిగింది. కాళ్లు ఎడంగా పెట్టి, వీపు నీళ్ల వైపు తిప్పి, చూపించాను. నడుము ముందు, చెయ్యి ఆఖర్న. నా కుడిపాదం అరుగు మీద తిరగలేదు, మధ్యలోనే ఆపేశాను.

అప్ప అరుగెక్కింది. చెప్పులతో ఆ సిమెంటును ఒకసారి రాసి చూసింది. తరవాత తలెత్తి అవతలి గట్టు వైపు చూసింది. అక్కడ ఎవరో మనిషి కుక్కను తిప్పుతున్నాడు. ఆయన కుక్కను పిలిచిన మాట మాకు స్పష్టంగా వినిపించింది.

"అక్కడికేనా?" అంది అప్ప.

"అక్కడికే."

చాలాసేపు చూసింది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, మళ్లీ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు.

"ఇంతేనా" అంది.

ఆ రోజుల్లో ఆ నీళ్లు నాకు ఎంతో వెడల్పుగా ఉండేవి. ఇప్పుడు చూస్తే అది చిన్న చెరువే.